పత్రం మీద పత్రం

వినాయక చవితి పూజలో పంతులుగారు ఒక్కో పేరు చదువుతారు, మనం ఒక్కో ఆకు తీసి స్వామి ముందు వేస్తాం. మంత్రం మారదు. చివర ‘పూజయామి’ మారదు. మారేది ఆకు పేరొక్కటే. చేతికి వచ్చింది మాచిపత్రో మామిడాకో చూసేవాడు లేడు. బజార్లో కట్ట కట్టి అమ్మే పత్రిలో సగం ఏ చెట్టువో అమ్మేవాడికే తెలియదు. అయినా పూజకు లోటు రాదు. ఇరవై ఒకటీ పూర్తయితే ఉండ్రాళ్లు చేతికొస్తాయి.

మన విశ్వవిద్యాలయాల్లో మైక్రోబయాలజీ, బోటనీ, బయోటెక్నాలజీ శాఖలవాళ్లు భాద్రపదం దాకా ఆగరు. ఈ పూజ అక్కడ ఏడాది పొడవునా నడుస్తుంది. విగ్రహం బదులు అగార్ పోసిన పెట్రి ప్లేటు. మంత్రం: ‘మందులకు లొంగని బాక్టీరియాపై ఫలానా ఆకు సారం ప్రభావం’. ‘ఫలానా’ దగ్గర పేరు మార్చుకుంటూ పోవడమే. ఉండ్రాళ్ల బదులు పీహెచ్‌డీ, ఆ తర్వాత ప్రమోషను. తెలుగులో ఆకునూ పత్రమే అంటాం, పరిశోధనా వ్యాసాన్నీ పత్రమే అంటాం. ఈ శాస్త్రం ఎటు పోబోతోందో మన భాష ముందే కనిపెట్టినట్టుంది.

గట్టున కూర్చుని రాళ్లు వేస్తున్నాననుకోకండి. పాతికేళ్ల కిందట నేనూ ఒక పత్రం సమర్పించుకున్నవాణ్ణే. తంగేడు ఆకు. ‘ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి’ అని ముగించాను. ఆ ఆశ ఎవరికి పుట్టిందో, ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. నా ఉద్యోగం మాత్రం పర్మినెంటైంది.

పూజావిధానం ఇదీ. ఆకు తెంపి, పాత పేపర్ల మీద పరిచి నీడన ఆరబెట్టాలి. మిక్సీలో పొడి కొట్టాలి. (ఆ మిక్సీ మళ్లీ వంటకు పనికిరాదు. పెళ్లయిన స్కాలర్ల ఇళ్లలో మొదటి గొడవ ఇక్కడే మొదలవుతుంది.) పొడిని సాక్స్‌లెట్‌లో పెట్టి హెక్సేన్, క్లోరోఫాం, మిథనాల్ ఒకదాని తర్వాత ఒకటి మరిగించాలి. చివరికి అడుగున నల్లపచ్చటి జిగురు మిగులుతుంది. దాన్ని డీఎంఎస్‌ఓలో కరిగించాలి. ముల్లర్ హింటన్ అగార్ మీద బాక్టీరియాను దూదిపుల్లతో పూసి, కార్క్ బోరర్‌తో 6 మిల్లీమీటర్ల గుంటలు తీసి, వాటిలో ఈ రసం పోసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే ప్లేటును కిటికీ వెలుగుకు పట్టి చూస్తే, తెల్లటి మసకలో గుంట చుట్టూ బాక్టీరియా పెరగని తేట వలయం కనిపిస్తుంది. దాని పేరు జోన్. ‘జోన్ వచ్చింది సార్!’ అని స్కాలర్ పరుగెత్తుకొచ్చే తీరు చూడాలి. అనంతపురంలో నాలుగో బోరుకు నీళ్లు పడ్డ రైతు కూడా అంత గట్టిగా అరవడు. ప్లాస్టిక్ స్కేలు పెట్టి కొలుస్తారు. 14 మిల్లీమీటర్లు. పత్రం సిద్ధం.

పత్రం మొదటి పేరాలో చరక సుశ్రుతులకు నమస్కారం ఉంటుంది. వెంటనే, ప్రపంచ జనాభాలో 80 శాతం మంది సంప్రదాయ వైద్యం మీదే ఆధారపడుతున్నారన్న వాక్యం. నేను ఉద్యోగంలో చేరినప్పుడూ 80, రిటైరైనప్పుడూ 80. ఈ మధ్యలో పల్లెపల్లెకూ మందుల షాపు వచ్చింది, ఆ అంకె మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. రెండో పేరాలో అదే సంప్రదాయ ఆకును హెక్సేన్‌లో మరిగిస్తారు. ఏ ఊరి నాటువైద్యుడూ ఏ రోగికీ హెక్సేన్ కషాయం పట్టిన దాఖలా లేదు. పైపూతగా నూరి రాసేదాన్నీ, కడుపులోకి ఇచ్చేదాన్నీ, ధూపం వేసేదాన్నీ తేడా లేకుండా ఒకే గుంటలో పోస్తారు. నమస్కారం పూర్వీకులకు, పద్ధతి పెట్రోలు బంకుది.

ఆకు ఎంపిక దగ్గర ఇంకా రుచికరమైన వ్యవహారం ఉంది. రోగాన్ని బట్టి ఆకును వెతకరు, ఖాళీని బట్టి వెతుకుతారు.

‘వేప తీసుకోరాదూ?’

‘వేప అయిపోయింది సార్.’

‘అయిపోవడమేమిటి?’

‘ఆకు, బెరడు, పువ్వు, గింజ, నూనె అన్నీ అయిపోయాయి సార్. జిగురు కూడా.’

‘తులసి?’

‘లక్ష్మి, కృష్ణ రెండూ అయిపోయాయి సార్.’

‘పోనీ ఉత్తరేణి?’

‘మన డిపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు చేశారు సార్. ఒకరిది కర్నూలు ఉత్తరేణి, ఒకరిది ఖమ్మం ఉత్తరేణి, ఒకరిది మన హాస్టలు వెనకది.’

సర్వే నంబరు పట్టుకుని ఇళ్ల స్థలం వెతుక్కున్నట్టు ఉంటుంది. ఎవరి పేరా రిజిస్టరు కాని ఆకు దొరికితే గైడు మొహం వెలుగుతుంది. ఇంతవరకు దాన్ని ఎవరూ ముట్టుకోలేదంటే ఎందుకు ముట్టుకోలేదో ఆలోచించే ఆనవాయితీ లేదు.

ఇంతకీ ఆ 14 మిల్లీమీటర్ల సంగతి. అందులో 6 గుంటదే. బాక్టీరియాను ఏమీ చేయకపోయినా ఆ 6 ఎటూ వస్తుంది. మిగిలింది అటు 4, ఇటు 4. పక్కనే పోలిక కోసం సిప్రోఫ్లాక్సాసిన్ డిస్కు పెడతారు. దానిలో ఉండే మందు 5 మైక్రోగ్రాములు. దాని జోను, మందుకు లొంగే ఇ.కోలై మీద, 30 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. మన గుంటలో పోసింది ఎంత? మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, 100 మైక్రోలీటర్లు. అంటే 10 మిల్లీగ్రాములు. అంటే 10,000 మైక్రోగ్రాములు. రెండు వేల రెట్లు. కబడ్డీలో ఒకవైపు ఒక్కడు, ఇంకోవైపు రెండు వేల మంది దిగి, ఆ ఒక్కడి చేతిలో ఓడిపోయి, మర్నాడు పేపర్లో ‘రెండు వేల మంది జట్టు ఆట ఆశాజనకం’ అని వేయించుకుంటే ఎలా ఉంటుంది? ఈ పోలికను పట్టికలో పక్కపక్క గడుల్లో వేస్తారు. బరువుల గడి మాత్రం ఆ పట్టికలో ఉండదు.

జోనుకు ఇంకో జబ్బు ఉంది. అది మందు బలాన్ని కొలవదు, ముఖ్యంగా మందు అగార్‌లో ఎంత దూరం పాకుతుందో కొలుస్తుంది. నీళ్లలో కరిగేది చకచకా పాకుతుంది. నూనె స్వభావం ఉన్నది, తడిగుడ్డ మీద కొబ్బరినూనె చుక్కలా, వేసిన చోటే కూర్చుంటుంది. కాబట్టి పనికిరానిది పెద్ద జోను చూపించవచ్చు, నిజంగా పనికొచ్చేది గుంటలోనే ముడుచుకుని ‘ప్రభావం లేదు’ అన్న గడిలో పడిపోవచ్చు. మన దగ్గర ఎన్ని మంచి ఆకులు అలా ఫెయిలయ్యాయో!

కొంచెం చదువుకున్నవాళ్లు జోనుతో ఆగకుండా ఎంఐసి తీస్తారు, అంటే బాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస గాఢత. పత్రాల్లో నేను తరచూ చూసే అంకె మిల్లీలీటరుకు 12.5 మిల్లీగ్రాములు. దీన్ని రోగికి అన్వయించి చూద్దాం. మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. ఆ గాఢత రావాలంటే 62 గ్రాముల పైచిలుకు జిగురు నేరుగా నెత్తుట్లోకి ఎక్కాలి. పొడిలో పదో వంతు జిగురుగా దిగిందనుకుంటే, అరకిలోకు మించిన ఎండుటాకు. పచ్చి లెక్కన మేకకు ఒక పూట మేత. దాన్ని సెలైన్ సీసాలోంచి ఎక్కించాలి. స్పెయిన్‌కు చెందిన రియోస్, రెసియో 2005లోనే ఈ రంగానికి ఒక గీత గీశారు: మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము దాటాక కనిపించే ప్రభావాన్ని ప్రభావం అనకండి, 100 మైక్రోగ్రాముల లోపుంటేనే ఆసక్తి చూపండి అని. మనవాళ్లు ఆ వ్యాసాన్ని కూడా రిఫరెన్సుల్లో ఇస్తారు. చదివితే ఇవ్వరు.

నేను సర్వీసులో ఉండగా చేసిన ఒక తుంటరిపని చెప్పాలి. ఒకబ్బాయి ఆరు గుంటలు తీసుకుని అయిదింటిలో ఆకుల రసాలు పోశాడు. ఆరోది ఖాళీ. మధ్యాహ్నం నా క్యారియర్‌లో నిమ్మకాయ ఊరగాయ ఉంది. దాని ఊట నాలుగు చుక్కలు ఆ గుంటలో వేసి ఊరుకున్నాను. మర్నాడు అయిదు ఆకుల్లో మొదటి ర్యాంకుది 13 మిల్లీమీటర్లు, ఊరగాయది 17. కుర్రవాడు వణికే గొంతుతో ‘సార్, ఇదేం శాంపిల్ సార్?’ అన్నాడు. మా అత్తగారి శాంపిల్ అన్నాను. పులుపు, ఉప్పు, కారం, ఆవపిండి ఉన్నచోట బాక్టీరియా బతకదన్న సంగతి జాడీకి వాసెన కట్టే ప్రతి ఇల్లాలికీ తెలుసు. అందుకే అది ఏడాది నిలవుంటుంది. అంతమాత్రాన నిమోనియా రోగికి ఊరగాయ ఊట ఎక్కించమని ఏ ఇల్లాలూ చెప్పదు. ఆకుల్లోని టానిన్లూ అంతే. కనబడిన ప్రొటీన్‌నల్లా పట్టి బిగించేస్తాయి. బాక్టీరియాను చంపడం గొప్ప కాదు. ఫినాయిలు చంపుతుంది, గన్నేరయితే మనిషినీ చంపగలదు. బాక్టీరియాను చంపి రోగిని వదిలేయడమే యాంటీబయాటిక్ గొప్పతనం. ఆ రెండో సగం పరీక్ష ఈ పత్రాల్లో ‘భవిష్యత్ పరిశోధన’ అన్న శీర్షిక కింద శాశ్వత నివాసం ఏర్పరచుకుంది.

ఇక ‘మందులకు లొంగని బాక్టీరియా’ అన్న మాట. శీర్షికలో ఘీంకారంగా ఉంటుంది. పద్ధతుల విభాగంలోకి వెళ్లి చూస్తే ఎ.టి.సి.సి. 25922 అన్న నంబరు. ఇది మందుల డిస్కులు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికి ప్రపంచమంతా లాబుల్లో పెంచుకునే ఇ.కోలై. లొంగడమే దీని ఉద్యోగం. మామూలు మందులన్నిటికీ బుద్ధిగా తలవంచుతుంది కాబట్టే ప్రమాణంగా పెట్టుకున్నారు. పులిని కొట్టానని ఊరంతా డప్పు వేయించి, తీరా చూస్తే సర్కస్‌లో పళ్లు పీకిన పులి. అసలు పులులెవరో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో జాబితా ఇచ్చింది. పై వరసలో అసినెటోబాక్టర్, సూడోమొనాస్, ఇ.కోలై, క్లెబ్సియెల్లా కుటుంబంవాళ్లు, అదీ కార్బపెనెమ్‌లకు లొంగనివాళ్లు. వీటన్నిటికీ బయట ఇంకో పొర ఉంటుంది, లోపలికి వచ్చిన మందును బయటికి తోసే పంపులుంటాయి. ఆకు రసాల ప్రతాపమంతా సాధారణంగా ఆ పొర లేని స్టెఫైలోకాకస్ మీదే. ఐసీయూలో మనుషులను చంపింది ఏదో, మన ప్లేటు మీద చచ్చింది ఏదో. 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచమంతటా మందులకు లొంగని బాక్టీరియా కారణంగా నేరుగా 12.7 లక్షల మంది పోయారని లాన్సెట్ లెక్క కట్టింది. ఈ అంకె కూడా పత్రాల మొదటి పేరాలో వస్తుంది, 80 శాతం పక్కనే.

ఆకులన్నీ అయిపోయాక ఇప్పుడు కొత్త నోము వచ్చింది. వెండి నానో కణాలు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఆకు రసం కలపాలి. లేతపసుపు కాస్తా గోధుమరంగు అవుతుంది. ఫొటో తీయాలి. దాన్ని గుంటలో పోస్తే వచ్చే జోను ఆకు జోను కంటే పెద్దదే. వెండి బాక్టీరియాను చంపుతుందన్నది కాలిన గాయాలకు పూసే ఆయింట్‌మెంటు డబ్బా మీద కూడా ఉంటుంది. ఇక్కడ దెబ్బ కొట్టింది వెండి, దండ పడింది ఆకు మెడలో. పెళ్లికొడుకు పక్కన నిలబడ్డ తోడిపెళ్లికొడుక్కి కట్నం ఇచ్చినట్టు. కణాలు తయారైనట్టు రుజువేమిటంటే, స్పెక్ట్రోఫొటోమీటర్‌లో సుమారు 420 నానోమీటర్ల దగ్గర శిఖరం రావడం. నేను కల్పించలేదు. ప్రకృతే ఆ అంకె ఎంచుకుంది.

పత్రం అచ్చయ్యాక విలేకరి వస్తాడు. ‘సూపర్‌బగ్‌కు తులసితో చెక్’. తెలుగు పత్రికల్లో చెక్ పడని జబ్బు లేదు. అక్కడి నుంచి వాట్సాప్. అక్కడి నుంచి మా పక్కింటి పెద్దాయన. డాక్టరు అయిదు రోజులు వాడమన్న మాత్రలు రెండో రోజు మానేసి, ‘సైంటిస్టులే చెప్పారు మాస్టారూ’ అంటూ తిప్పతీగ రసం మొదలుపెట్టాడు. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న ఆరు కేసులను ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆ కటింగు చూపించాను. ‘అది ఇంగ్లీషు డాక్టర్ల కుట్ర’ అన్నాడు. 14 మిల్లీమీటర్లు కొలిచిన పిల్లకు ఈ పెద్దాయన సంగతి తెలియదు, తెలిస్తే స్కేలు కింద పెట్టేసేదేమో.

నాకు ఆకుల మీద పగ లేదు. మొక్కలోంచి మందు తీసినవాళ్లను చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. చైనాలో తూ యూయూ చేసింది చూడండి. మలేరియాకు పనికొచ్చే మూలికల కోసం ఆమె బృందం రెండు వేలకు పైగా పాత యోగాలను జల్లెడ పట్టింది. చింగ్‌హావో మొక్క ఒకసారి పనిచేస్తుంది, మరోసారి చేయదు. మనమైతే పనిచేసిన రోజు ఫొటో వేసి పత్రం పంపేవాళ్లం. ఆమె నాలుగో శతాబ్దపు గె హాంగ్ వైద్యగ్రంథం దగ్గరికి తిరిగి వెళ్లింది. అందులో ఆ మొక్కను కాచమని లేదు, నీళ్లలో నానబెట్టి పిండమని ఉంది. కాస్తే వేడికి గుణం పోతోందేమోనన్న అనుమానం అక్కడ పుట్టింది. 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో తీసింది. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల మలేరియాను నూటికి నూరుపాళ్లు అణచింది. రోగులకు ఇచ్చే ముందు, 1972లో, ఆమె, ఇద్దరు సహచరులు తామే మింగి చూసుకున్నారు. తర్వాత అందులోని ఒక్క అణువును పట్టుకుని ఆర్టెమిసినిన్ అని బయటికి తీశారు. 2015లో నోబెల్. మలేరియా బాక్టీరియా వల్ల రాదు, అది వేరే సంగతి. నేను చూసేది పాత పుస్తకాన్ని ఆమె చదివిన తీరును. మనం నమస్కారం పెట్టి మూసేసే పేజీని ఆమె చదివింది.

బాక్టీరియా విషయంలోనూ ఒక ముచ్చట ఉంది. మానుపసుపులో బెర్బెరిన్ అని పచ్చటి పదార్థం ఉంటుంది. ఒంటరిగా స్టెఫైలోకాకస్ మీద దాని ప్రతాపం అంతంతే, లోపలికి పోతుంది, పంపు బయటికి నెట్టేస్తుంది. 2000 సంవత్సరంలో స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందం బెర్బెరిన్ ఉండే బెర్బెరిస్ మొక్కలోనే ఇంకో పదార్థాన్ని పట్టుకుంది. అది తనంతట తాను బాక్టీరియాను ఏమీ చేయదు, ఆ పంపుకు అడ్డం పడుతుంది. ఇద్దరూ కలిస్తేనే దెబ్బ. అంటే మొక్క ఒకడితో తలుపు పట్టిస్తుంది, ఇంకొకడితో కొట్టిస్తుంది. మన గుంటల లెక్కలో ఆ తలుపు పట్టినవాడికి జోను సున్నా, కాబట్టి చెత్తబుట్ట.

ఇంత శ్రమ పడి ఆకులు వెతికేవాళ్లు బస్సెక్కి పటాన్‌చెరు దాకా వెళ్తే ఇంకో లెక్క దొరికేది. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 కంపెనీల నీరు అక్కడికి చేరేది. ‘శుద్ధి’ అయ్యాక కూడా ఆ నీటిలో లీటరుకు గరిష్ఠంగా 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. చికిత్సలో ఉన్న రోగి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ. మన గుంట లెక్కలోకి మార్చండి: 100 మైక్రోలీటర్లలో 3.1 మైక్రోగ్రాములు. పక్కన పోలికకు పెట్టే డిస్కులో ఉండేది 5. అంటే ఏ హెక్సేనూ, ఏ సాక్స్‌లెట్టూ లేకుండా, చెంబుతో ముంచి తెచ్చిన ఆ నీళ్లు గుంటలో పోసినా తంగేడు, ఉత్తరేణి, వేప, తులసి అన్నీ కలిసి సిగ్గుతో తలదించుకునే జోను రావాలి. తెలుగు నేల మీద ఇంత ఆశాజనకమైన సారం ఇంకోటి లేదు. బాక్టీరియా కూడా అలాంటి నీళ్లలోనే ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకుని, రాంకులు కొట్టి, ఆస్పత్రులకు వస్తోంది. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా వేసింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. దీని మీద పత్రాలు రాసినవాళ్లూ మన దగ్గర ఉన్నారు, కొద్దిమంది. వాళ్లకు శాంపిల్ సీసా నింపుకోవడమే కష్టం. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడు. తంగేడు చెట్టుకు వాచ్‌మన్ ఉండడు.

అందుకే స్కాలర్లను నేను తిట్టను. ఆటోక్లేవు గాస్కెట్ పోయి మూణ్ణెల్లు, ఇంక్యుబేటర్‌లో పెట్టాక కరెంటు పోతే ప్లేట్లన్నీ మళ్లీ మొదటికి, ఫెలోషిప్పు ఎప్పుడు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. అలాంటి పిల్లకు 2009లో యూజీసీ చెప్పింది, ఒక పత్రం అచ్చయితే గాని థీసిస్ ఇవ్వకూడదని. ఆమె అణువును పట్టుకోవాలంటే ఎన్‌ఎంఆర్ కావాలి, జంతువుల మీద పరీక్షకు అనుమతి కావాలి, నాలుగేళ్లు కావాలి. ఆకుకు ఏమీ అక్కర్లేదు. డబ్బులు కడితే వారంలో వేసే పత్రికలకూ కొదవ లేదు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన అలాంటి ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్ల పైచిలుకు తీర్పు ఇచ్చింది. 2022లో యూజీసీ ఆ పత్రం నిబంధన తీసేసింది. నిబంధన పోయింది గానీ, ఇంతలో ఆ పత్రాలతోనే డిగ్రీ పొందినవాళ్లు గైడులయ్యారు.

మొన్న అలాంటి ఒకావిడ, నా పాత శిష్యురాలే, చవితి ముందు రోజు ఇంటికొచ్చింది. చేతిలో స్వీటు ప్యాకెట్టు, మొహంలో వెలుగు.

‘ప్రాజెక్టు వచ్చింది సార్. వినాయక చవితి పత్రి ఇరవై ఒకటీ తీసుకుని, మందులకు లొంగని బాక్టీరియా మీద పోల్చి చూస్తున్నాం.’

ఇంతకాలం నేను ఎగతాళికి వాడుకున్న ఉపమానం నా సోఫాలో వచ్చి కూర్చుంది.

‘ఇరవై ఒకటీ దొరికాయామ్మా?’

‘ఇరవై దొరికాయి సార్. గండకీ పత్రమే ఇబ్బంది పెట్టింది. ఒక పుస్తకంలో దేవకాంచనం అని ఉంది, ఇంకోదాంట్లో ఇంకేదో ఉంది. బోటనీవాళ్లను అడిగితే వాళ్లలో వాళ్లకే కుదరలేదు.’

‘మరేం చేశారు?’

‘బజార్లో పత్రి కట్ట కొన్నాం సార్. మిగతావన్నీ గుర్తుపట్టి తీసేశాక చివరికి ఒక ఆకు మిగిలింది. అదే పెట్టాం.’

‘జోన్ వచ్చిందా?’

‘18 మిల్లీమీటర్లు సార్. అన్నిటికంటే అదే ఎక్కువ.’